గోడ విన్న సందేహం

గోడలకు చెవులుంటాయని పెద్దలు ఏనాడో అన్నారు. ఆ చెవులు విన్నదాన్ని మళ్లీ పలికించవచ్చునని అన్నవాడు గౌరినాయుడు. ఆ మాట అన్నప్పుడు అతను కుర్చీలో ఉన్నాడు, ఉమాసుందరి అతని బల్ల ముందు నిలబడి ఉంది. పదిహేనేళ్ల క్రితం వెదుళ్ళపాలెం జూనియర్ కళాశాలలో ఆమె కూర్చునేది, అతను నిలబడేవాడు. నలభై మూడేళ్ల వయసులో, మూడేళ్ల సెలవు పెట్టి, విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర ల్యాబ్‌లో పరిశోధక విద్యార్థినిగా చేరడానికి వచ్చిందామె. ఆ ల్యాబ్ నడుపుతున్నవాడు తన మూడో బ్యాచ్ పిల్లవాడని తెలిసే వచ్చింది. తెలిసి వచ్చినా, గడప దాటేసరికి తాను ఎవరో, అతను ఎవరో ఒక్క క్షణం తారుమారైపోయింది.

ఆమెను పోల్చుకోగానే అతను గభాలున లేచాడు. కూర్చోండి సార్ అని ఆమె, మీరు కూర్చోండి మేడమ్ అని అతను. గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. చేరిక పత్రాలన్నీ ఇద్దరూ నిలబడే పూర్తి చేశారు. ఆ తర్వాత కూడా ఆమె అతన్ని సార్ అంటూనే ఉంది, అతను ఆమెను మేడమ్ అంటూనే ఉన్నాడు. ఎవరు ఎవరికి గురువో తేలని ఆ పిలుపులు విని ల్యాబ్‌లోని కుర్రకారు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుకునేవారు.

ఎందుకు వచ్చావని అడిగినవారికి ఆమె చెప్పిన కారణం ఒకటి, చెప్పని కారణం ఒకటి. పద్దెనిమిదేళ్లు అదే పాఠం చెప్పి చెప్పి, ప్రశ్న పుట్టకముందే జవాబు నాలుక మీదికి వచ్చేస్తోందని, తెలియనిదేదో మళ్లీ ఒకసారి చూడాలని ఉందని చెప్పేది. చెప్పనిది నీలవేణి.

నీలవేణి రెండో ఏడాది పిల్ల. వెనక బెంచీ పిల్ల. ముందు పన్ను సగం విరిగి, నోరు విప్పడానికి సిగ్గుపడే పిల్ల. ఒకే ఒక్కసారి, ప్రాక్టికల్ గంటలో, లేచి నిలబడి ఏదో అడిగింది. తోటివాళ్లు ఘొల్లున నవ్వారు. గంట కొట్టే వేళ. ముందు రికార్డు పూర్తి చెయ్యమ్మా, తర్వాత చూద్దాం అంది ఉమాసుందరి. ఆ 'తర్వాత' రానే లేదు. శ్రావణంలో విషజ్వరం తగిలి నాలుగు రోజుల్లో పిల్ల పోయింది. సంతాప సభలో నిలబడి ఉండగా ఉమాసుందరికి ఆ పిల్ల లేచిన తీరు గుర్తొచ్చింది, నవ్వు గుర్తొచ్చింది, గంట గుర్తొచ్చింది. అడిగిన మాట మాత్రం గుర్తు రాలేదు. ఎంత వెతికినా, ఆ మాట ఉండవలసిన చోట అప్పుడే తుడిచిన నల్లబల్ల ఉంది.

గౌరినాయుడి ఆలోచన చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. పాత గోడలకు పూసే డంగు సున్నం ఒక్కరోజులో గట్టిపడదు. గాలి పీల్చుకుంటూ, ఏళ్ల తరబడి, పొర మీద పొరగా రాయి అవుతుంది. ఆ గదిలో పలికిన ప్రతి మాటా ఆనాటి పొరను రవ్వంత వణికిస్తుంది, ఆ వణుకు రాయిలో నిలిచిపోతుంది. వెంట్రుకలో వెయ్యోవంతు మందాన లేజరు కాంతితో కాలుస్తూ పోతే, కాలే పొర మెరుపులో ఆ వణుకు బయటపడుతుంది. బయటపడ్డ పొర బూడిదే.

కళాశాల పాత భవనాన్ని కూలుస్తున్నారని తెలిసి ఉమాసుందరి పరుగున వెళ్లింది. ప్రాక్టికల్ గది గోడ పెచ్చులను గోనెసంచిలో మోసుకొచ్చింది. ఏ పెచ్చు గోడలో ఎక్కడిదో కొలిచి రాయడానికి ఆ గది మూల పడి ఉన్న చెక్క స్కేలునే వాడింది. అది కూడా సంచిలో వచ్చేసింది. ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆ గోడకు కొత్త సున్నం పూశారు. కాబట్టి ఆ గోడ విన్న మొదటి పాఠం నుంచి కడపటి పాఠం దాకా ఆమెవే.

మొదటి ఏడాదంతా హోరు తప్ప ఏమీ వినబడలేదు. తుఫాను నాటి సముద్రం వంటి హోరు. అందులోంచి మాటను పైకి లాగడానికి అచ్చు కావాలన్నాడు గౌరినాయుడు. తెలిసిన గొంతు ఒకటి యంత్రానికి ఇస్తే, ఆ గొంతును హోరు మీద జరుపుకుంటూ పోయి, ఎక్కడెక్కడ పోలిక కుదిరితే అక్కడి ముక్కలను ఏరి, కూర్చి, మాటగా వినిపిస్తుంది. ఆ ఇచ్చే గొంతునే ల్యాబ్‌లో అచ్చు అనేవారు.

"మీ పాఠం కంటే మంచి అచ్చు లోకంలో దొరకదు మేడమ్," అన్నాడతను. "ఏటేటా అవే మాటలు, అదే చోట అదే దగ్గు. లఘులోలకం దగ్గర ఆ ఉయ్యాల జోకు మా అన్నయ్య బ్యాచ్‌కి చెప్పారు, మాకూ చెప్పారు, మా చెల్లి వాళ్లకీ చెప్పారు."

అది పొగడ్తో ఎత్తిపొడుపో ఆమెకు తెలియలేదు. గాజుగదిలో కూర్చుని, పిల్లలు లేని గాలికి పాఠం చెప్పింది. ఉయ్యాల జోకు దగ్గర అలవాటు చొప్పున ఆగింది, ఎవరూ నవ్వలేదు. రెండు నెలలకు గోడ పలికింది. "లఘులోలకం అనగా..." అంది. ఆమె గొంతే, పదిహేనేళ్లు చిన్నది. ల్యాబ్‌లో పూతరేకులు పంచారు. గౌరినాయుడు ఒక పెద్ద సదస్సుకు వ్యాసం పంపాడు. ఆమె మాత్రం యంత్రం ముందు కూర్చుని, గదంతా మోగేలా పాఠం మీద పాఠం వింటూ, రెండో గొంతు కోసం కాచుకుంది. తన మాటకూ మాటకూ నడుమ అక్కడక్కడ ఖాళీలు తగిలేవి. ఎవరో లేచినట్టు, ఎవరో అడిగినట్టు. ఆ ఖాళీల నిండా హోరే.

ఇంటి దగ్గర ఆమె కూతురు వైదేహి ఇంటర్ రెండో ఏడుకు వచ్చింది. ఒక ఆదివారం వంటగట్టు మీద రికార్డు పుస్తకం పరిచి, అమ్మా లోలకం రీడింగులు చెప్పవా అంది.

ఉమాసుందరి పోపు వేస్తూ చెప్పింది. "వంద సెంటీమీటర్లకి ఇరవై ఊపులు, నలభై పాయింట్ ఒకటి. రెండోసారి నలభై పాయింట్ రెండు వేసుకో. రెండూ ఒకటే ఉంటే ఎగ్జామినర్‌కి అనుమానం వస్తుంది."

చెప్పాక గరిటె చేతిలో ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లు ఆమె క్లాసులో నడిచిన పద్ధతి ఇదే. లోలకం గుండ్లు నాలుగు, పిల్లలు అరవై మంది, గంట ఒకటి. ఊపే తీరిక ఎవరికి? పుట అడుగున ముందుగా భూమ్యాకర్షణ విలువ తొమ్మిది వందల ఎనభై అని జవాబు రాసుకోవడం, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పైకెక్కి, ఆ జవాబుకు తగిన రీడింగులు వేసుకోవడం. పిల్లలు పాసయ్యేవారు. భూమి తన దారిన తాను లాగుతూనే ఉండేది.

"మీ యూనివర్సిటీలో కూడా ఇంతేనా?" అంది వైదేహి పెన్ను నోట్లో పెట్టుకుని.

"అక్కడ అలా ఎందుకుంటుందే," అందామె. అన్నదే గానీ, ఆ పూట చారులో ఉప్పు వేసిందో లేదో ఆమెకు గుర్తు లేదు.

సెలవు జూన్‌తో ముగుస్తుంది. ఏప్రిల్‌లోగా సిద్ధాంత గ్రంథం ఇవ్వాలి. దానికి కావలసిన ఫలితం చేతిలోనే ఉంది, ఆమెకు కావలసిన మాట మాత్రం గోడలోనే ఉంది. నీలవేణి గొంతుకు అచ్చు కావాలి. ఆ పిల్ల గొంతు ఏ ఫోనులోనూ మిగల్లేదు. జనవరిలో ఒకనాడు ఉమాసుందరి బస్సెక్కి, పిల్ల తల్లి పైడితల్లి పనిచేసే బెల్లం పాకకు వెళ్లింది.

పెనంలో చెరకు రసం కుతకుత ఉడుకుతోంది. పైడితల్లి పాకాన్ని అచ్చుల్లోకి వంపుతూ, వచ్చినావిడను పోల్చుకుని, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంది. ఉమాసుందరి యంత్రం సంగతి చెప్పగలిగింది. పిల్ల ఏదో అడిగిందని, తాను వినలేదని చెప్పడానికి నోరు రాలేదు. పిల్ల గొంతు వినిపించగలమేమో, దానికి పోలికైన గొంతు ఏదైనా ఉంటే బాగుండునని మాత్రం నసిగింది. పైడితల్లి పెనంలో పాకం కలిపింది. తన గొంతూ పిల్ల గొంతూ ఒకటేననీ, ఫోనులో దాని మేనమామ కూడా పోల్చుకోలేక తికమక పడేవాడనీ చెప్పి, తన గొంతు పనికొస్తుందంటే వస్తానంది.

వచ్చింది. గాజుగదిలో కూర్చోబెట్టి ఏదైనా మాట్లాడమంటే, పావుగంటసేపు బెల్లం దిమ్మలు లెక్కపెట్టింది, లేని కాకిని అదిలించింది, పిల్లను అన్నానికి పిలిచింది. గౌరినాయుడు వెనక బెంచీ వైపు పెచ్చును సగం మేర కాల్చాడు. ఎండ కిటికీలోంచి జారేలోగా యంత్రం పలికింది. "మేడమ్... మాకు... సరిగా..." ఆడపిల్ల గొంతు. లేత గొంతు. ఉమాసుందరి హెడ్‌ఫోన్లు పైడితల్లికి అందించింది.

పైడితల్లి మూడుసార్లు విన్నది. హెడ్‌ఫోన్లు తీసి, గుడ్డును దించినంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"ఇది నా గొంతే," అంది.

వయసు తేడాను యంత్రం సవరిస్తుందని గౌరినాయుడు వివరించబోయాడు. ఆమె అడ్డంగా తల ఊపింది.

"దాని ముందు పన్ను ఇరిగిపోనాది బాబూ. 'స' అంటే సన్నగా ఈల వొచ్చీది. ఫోనులో వినబడదు గానీ ఎదురుగా ఉంటే వినబడతాది. ఇందులో ఈల నేదు." హెడ్‌ఫోన్లను గౌరినాయుడి వైపు జరిపింది. "మా అచ్చులో బూడిద పోసి తట్టినా బెల్లం దిమ్మలాగే కనబడతాది. నోట్లో ఏసుకుంటే గానీ తెల్దు."

ఆమె వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే ఉమాసుందరి ల్యాబ్ తెరిచింది. కిటికీ గట్టు మీద, లేజరును సరిచూసుకోవడానికి నెల క్రితం పోసిన కొత్త సున్నం బిళ్ల ఉంది. ఏ తరగతిలోనూ కూర్చోని బిళ్ల. దాన్ని యంత్రంలో పెట్టి తన పాఠం అచ్చు వేసింది. "లఘులోలకం అనగా..." అంది బిళ్ల. పైడితల్లి అచ్చు వేసింది. "మేడమ్... మాకు..." అంది. ఇన్నాళ్లూ విన్నది గోడనా, గోడ మీద వాలిన తన నీడనా?

గౌరినాయుడు వచ్చి, విన్నాడు. మళ్లీ విన్నాడు. ఆ బిళ్ల ఈ గదిలోనే ఆరిందని, నెల రోజులుగా ఈ గదిలో మోగుతున్నది ఆమె పాఠమేనని, నిన్న పైడితల్లి గొంతు కూడా ఇక్కడే మోగిందని, కాబట్టి బిళ్ల నిజంగానే విని ఉండవచ్చునని అన్నాడు. ఆ మాటా కొట్టివేయదగినది కాదు. యంత్రం అబద్ధం చెబుతోందో, ఎవరూ ఊహించనంత నిజం చెబుతోందో ఆ బిళ్ల తేల్చలేదు. తేలాలంటే, మనిషి అలికిడి లేని చోట సున్నాన్ని ఏడాదిపాటు ఆరబెట్టి చూడాలి. ఆమె సెలవుకు ఉన్నవి అయిదు నెలలు. అతని సదస్సుకు ఉన్నది ఒక నెల.

"ఈ బిళ్ల సంగతి ఇప్పుడే రాయకపోతే ఏమవుతుంది మేడమ్?"

"రాయకుండా ఎలా సార్?"

అతను గొంతు పెంచలేదు. "ముందు కింద జవాబు రాసుకోండి, తర్వాత పైకి రండి అని నేర్పింది మీరే కదా."

ఆమె నిలబడే రికార్డు పుస్తకం తెరిచింది. కొత్త బిళ్ల పెట్టిన తేదీ, వేసిన అచ్చులు, విన్న మాటలు, అది ఆరిన చోటు, అన్నీ సిరాతో రాసింది. ఫలితం అన్న చోట 'తెలియదు' అని రాసింది. ఆ ఒక్క మాటతో ఏప్రిల్ పోయింది, మూడేళ్ల సెలవు పోయింది, పేరు ముందు రావలసిన 'డాక్టర్' పోయింది. గౌరినాయుడు ఆ పుట చదివి, పుస్తకం మూసి, తన గదిలోకి వెళ్లాడు. సాయంత్రం సదస్సువారికి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని రాశాడు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

మూడో రోజు ఆమె మళ్లీ బెల్లం పాకకు వెళ్లింది. ఈసారి ఏదీ దాచుకోలేదు. పిల్ల లేచి అడిగిందని, అందరూ నవ్వారని, తాను తర్వాత చూద్దామన్నదని, ఆ మాట ఏమిటో తనకు గుర్తు లేదని, దానికోసమే ఉద్యోగానికి సెలవు పెట్టి గోడలు కాల్చిందని, చివరికి ఏమీ తేలలేదని చెప్పింది. పొగకు కళ్లు మండుతున్నాయి. పైడితల్లి పొయ్యిలోకి చెరకు పిప్పి తోస్తూ విన్నది.

"అది అడిగిందేటో కావాలా మీకు?" అంది. "ఆ సాయంత్రమే నాకు సెప్పింది గదా."

ఉమాసుందరి పొగలోంచి ఆమె దగ్గరికి జరిగింది. "మరి ఆవేళ నాకు చెప్పలేదేం?"

"మీరు నా గొంతు అడిగినారు. మాట అడగనేదు."

పాకం పొంగు మీదికి వచ్చింది. పైడితల్లి గరిటెతో దాన్ని అణచి, వెనక్కి తిరగకుండానే చెప్పింది. "మేం ఎన్నిసార్లు ఊపినా వెయ్యే వొస్తంది మేడమ్, పుస్తకంలో తొమ్మిదొందల ఎనభై ఉంది, తప్పు మాదా పుస్తకందా అని అడిగిందంట. అందరూ నవ్వీసినారంట." అప్పుడు తిరిగింది. "ఇంతకీ తప్పెవల్ది మేడం గారూ?"

జవాబు నాలుక మీదికి వచ్చేసింది. చేతి పొరపాటు, గాలి అడ్డు, దారం సాగుడు. పద్దెనిమిదేళ్లుగా రికార్డుల చివర రాయించిన మూడు కారణాలూ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆమె వాటిని మింగేసింది.

"తెలీదమ్మా," అంది. "ఊపి చూడాలి."

"అయితే నానూ వొస్తాను," అంది పైడితల్లి, పెనం పక్క మనిషికి అప్పగించి.

ఇద్దరూ బస్సెక్కారు. ల్యాబ్ కిటికీ ఊచకు ఉమాసుందరి దారం కట్టింది, దారానికి ఇత్తడి గుండు కట్టింది. గోనెసంచి అడుగు నుంచి వెదుళ్ళపాలెం చెక్క స్కేలు తీసి, ముడి దగ్గర ఒక కొస ఆనించి, గుండు నడుముకు సరిగ్గా వంద వచ్చేటట్టు దారం సరిచేసింది. అలికిడికి గౌరినాయుడు గుమ్మంలోకి వచ్చాడు. తర్వాత బల్ల సొరుగులోంచి స్టాప్‌వాచీ తీసుకుని, పిలవకుండానే వచ్చి పక్కన నిలబడ్డాడు.

ఇరవై ఊపులు. నలభై సెకన్లకు పావు తక్కువ. ఆమె కాగితం మీద లెక్క వేసింది, అడుగు నుంచి కాదు, పై నుంచి. వెయ్యి. మళ్లీ ఊపారు. వెయ్యి. మూడోసారీ వెయ్యి. భూమి లాగుడు మారిందా, పుస్తకం అబద్ధమా, తన చేతులు తప్పా, ఈ గదిలో ఏది నమ్మదగినది?

పైడితల్లి స్కేలును చేతిలోకి తీసుకుంది. దిమ్మలు తూచేటప్పుడు తక్కెడ ముల్లును చూసే చూపుతో దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఈ కర్రలో ఒకటి ఏదమ్మా? రెండు కాడినుంచి మొదలైంది."

మొదలు అరిగిపోయింది. నున్నగా, గుండ్రంగా, ఎన్నో చేతుల మీదుగా అరిగి, మొదటి రెండు సెంటీమీటర్లు ఎక్కడో రాలిపోయాయి. వంద అని కొలిచినదల్లా తొంభై ఎనిమిదే. ఏ ఏడాది రాలాయో చెప్పగలవారు లేరు. నిజంగా కొలిచినవారికి కదా తేడా తెలిసేది. గోడ పెచ్చుల జాగాలన్నీ కూడా ఈ కర్రతోనే కొలిచిందని ఉమాసుందరికి అప్పుడు తట్టింది.

"మా బ్యాచ్‌లో అరవై మందికీ తొమ్మిది వందల ఎనభైయే వచ్చింది మేడమ్," అన్నాడు గౌరినాయుడు నెమ్మదిగా.

"తెలుసు," అంది ఉమాసుందరి. "నేనే ఇచ్చాను."

కిటికీ గట్టు మీద వెనక బెంచీ పెచ్చు సగం మిగిలి ఉంది. అందులో ఒక ఈల ఉందో, హోరే ఉందో, ఏమీ లేదో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. పైడితల్లి దానివైపు ఒకసారి చూసింది, ముట్టుకోలేదు.

"ఇంకోపాలి ఊపండి," అంది.

ఉమాసుందరి దారం రెండు సెంటీమీటర్లు వదులు చేసి ముడి బిగించింది. రికార్డులో కొత్త పుట తెరిచి, పైన ప్రశ్న అన్న చోట నీలవేణి అడిగిన మాటను, పైడితల్లి చెప్పినది చెప్పినట్టుగా రాసింది. పుట అడుగు ఖాళీగా ఉంది. గుండును పక్కకు లాగి పట్టుకుని, గౌరినాయుడి వైపు చూసింది. అతను వాచీ మీద బొటనవేలు ఆనించాడు. ఆమె వదిలింది.

"ఒకటి," అంది పైడితల్లి.